పాఠం పల్లెలో... గురువు పట్నంలో!

మనసు వైద్యం ఊళ్లకు చేరాలంటే సైకాలజిస్టుల పోస్టులు నింపాలంటారు. నిజమే. ఆ పోస్టులో చేరే మనిషికి ఊళ్లో పని నేర్పేదెవరన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు.

"పురుగుమందు డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతారో అడిగావా అమ్మా?"

క్లినికల్ సైకాలజీ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయిని ఆమె సీనియర్ ఇలా అడిగారనుకోండి. అప్పటికి ఆ అమ్మాయి ఓ పత్తి రైతుతో గంటసేపు మాట్లాడి వచ్చింది. అప్పులు, నిద్ర, తిండి, తాగుడు, ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా... అన్నీ రాసుకుంది. డిప్రెషన్ తీవ్రత కొలిచే ప్రశ్నావళి నింపి మార్కులు కూడింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా జంకకుండా అడిగింది. "అప్పుడప్పుడూ" అన్నాడాయన. దాన్నీ రాసుకుంది. డబ్బా సంగతి మాత్రం అడగలేదు.

పట్నం ఆస్పత్రి ఓపీలో పని నేర్చుకున్నవాళ్లకు ఆ ప్రశ్న ఒక పట్టాన తట్టదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. సీనియర్ అడిగాక ఆమె మళ్లీ ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వరండాలోకి వెళ్తుంది, రైతు భార్యను పక్కకు పిలిచి మాట్లాడుతుంది. మందు డబ్బాలు ఆ సాయంత్రానికి వేరే ఇంట్లోకి, తాళం కిందకు మారతాయి. ఇదేమీ ఊహించి చెబుతున్న చిట్కా కాదు. చెన్నైకి చెందిన 'స్నేహ' సంస్థతో కలిసి డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం తమిళనాడులోని కడలూరు జిల్లాలో రైతులు పురుగుమందులు దాచుకోవడానికి ఊరుమ్మడి లాకర్లు పెట్టించి, ఫలితాలను 2013లో ప్రచురించింది. మందు చేతికి అందనంత దూరంలో ఉంటే, చచ్చిపోవాలనిపించిన ఆ గడియ దాటిపోతుందన్నది ఆలోచన. చాలామంది విషయంలో ఆ గడియ దాటడమే ప్రాణం నిలబడటం.

కేసు విని, ట్రైనీ వదిలేసిన ఒక్క ప్రశ్నను పట్టుకుని, వెనక్కి పంపి, తిరిగొచ్చాక మళ్లీ వినడం. దీన్నే ఈ వృత్తిలో సూపర్‌విజన్ అంటారు. సైకాలజిస్టు తయారయ్యేది క్లాసురూములో కన్నా ఇక్కడే ఎక్కువ.

చట్టం అడిగింది

ఎంఏ సైకాలజీ చదివినవాళ్లంతా క్లినికల్ సైకాలజిస్టులు కారు. 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మాటకు నిర్వచనం ఇస్తూ రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ గురించి చెప్పింది. ఆ చదువులో పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ ఉండాలని కూడా రాసింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు కావాలి, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. మన దేశంలో ఈ చదువు వయసు డెబ్బై ఏళ్లు. బెంగళూరులో ఇప్పుడు నిమ్‌హాన్స్‌గా ఉన్న సంస్థకు మాతృసంస్థ అయిన ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో 1955లో మెడికల్ సైకాలజీ డిప్లొమాగా మొదలైంది. అదే తర్వాత ఎంఫిల్ అయింది.

ఆ ఎంఫిల్ ఇప్పుడు చివరి దశలో ఉంది. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌కు మంగళం పాడింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా గడువిచ్చింది. దాని స్థానంలోకి ఎంఏ క్లినికల్ సైకాలజీ, సై.డీ. అనే వృత్తి డాక్టరేట్ వంటి కోర్సులు వస్తున్నాయి. పేర్లు, ఏళ్లు, అర్హతల మీద గొడవ చాలా జరిగింది. శిక్షణ ఏ గోడల మధ్య జరగాలన్న చర్చ మాత్రం ఎక్కడా పెద్దగా వినపడలేదు. నాకు ఆశ్చర్యం అదే.

సకలవార నుంచి మెదక్ దాకా

ఊరికి వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1975లోనే నిమ్‌హాన్స్ బెంగళూరు శివార్లలోని సకలవారలో డాక్టర్ ఆర్.ఎల్. కపూర్ ఆధ్వర్యంలో సామాజిక మానసిక వైద్యం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే చండీగఢ్ పీజీఐ నుంచి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ బృందం హర్యానాలోని రాయ్‌పూర్ రాణి పల్లెల్లో పని చేసింది. పీహెచ్‌సీ డాక్టరుకూ, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ నేర్పితే చాలా జబ్బుల్ని అక్కడే చూడొచ్చని ఈ రెండు చోట్లా తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985లో బళ్లారి జిల్లాను నమూనాగా తీసుకున్నారు. తెలుగువాళ్లు చాలామంది ఉన్న జిల్లా అది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశం మొత్తమ్మీద నాలుగు జిల్లాలతో మొదలైనప్పుడు, ఆ నాలుగింటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలన్నది కాగితం మీది లెక్క. అమల్లోకొచ్చేసరికి కార్యక్రమం మందుల చుట్టూ తిరిగింది. తీవ్రమైన మానసిక జబ్బుల్లో మందు ప్రాణాధారం, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం పాపం. ఏళ్ల తరబడి గొలుసులతో కట్టేసి ఉంచిన మనిషికి నెలకో ఇంజెక్షన్ పొలం పని తిరిగి ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అయితే కూర్చుని మాట్లాడే వైద్యం వెనకబడిపోయింది. ఆ వైద్యం చేయాల్సిన సైకాలజిస్టు శిక్షణ ఆస్పత్రిలోనే ఉండిపోయింది. పల్లె అన్నది రెండేళ్ల కోర్సు మధ్యలో వచ్చిపోయే ఒక పోస్టింగ్.

నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గోడును పక్కవాళ్ల లెక్కలతో చెప్పుకుంటున్నాం.

వరండాలో ఓపీ

కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని గౌరిబిదనూరు ఉంది. హిందూపురానికి కూతవేటు దూరం. నిమ్‌హాన్స్ బయట నడిపే క్లినిక్కుల్లో అక్కడిది ఒకటి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కన్నడ ఎంతో తెలుగూ అంతే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి అసలు నిమ్‌హాన్స్‌కే రైలెక్కి వెళ్లే కుటుంబాలు కొల్లలు. ఢిల్లీ నుంచో కోల్‌కతా నుంచో వచ్చి చేరిన ట్రైనీకి తొలి పాఠం అక్కడ మొదలవుతుంది.

ప్రశ్నావళిలో "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు?" అని ఉంటుంది. వారాల లెక్కలో బతకని మనిషి "ఎప్పుడూ ఇంతేనమ్మా" అంటుంది. అదే "పోయిన సంతకు ముందు సంత నుంచీ" అని అడిగితే వేళ్లు మడిచి రోజులు చెబుతుంది. చేసే పనుల్లో ఆసక్తి, ఆనందం తగ్గాయా అన్నది ఇంకో ప్రశ్న. కూలికి వెళ్తే తప్ప పూట గడవని మనిషిని ఆ ప్రశ్న అలాగే అడిగితే, కోపం రాకపోతే నవ్వొస్తుంది. మనవరాలు ఒళ్లోకొచ్చి కూర్చుంటే ఎలా ఉంటోంది, పండక్కి పుట్టింటికి వెళ్లబుద్ధయిందా అని అడగాలి. ఇది అనువాదంతో తీరేది కాదు. పక్కన కూర్చున్న సీనియర్ అడుగుతుంటే విని పట్టుకోవాల్సిన విద్య.

ఇక రహస్యం. పుస్తకంలో రోగి, వైద్యుడు, మూసిన తలుపు ఉంటాయి. పీహెచ్‌సీలో తలుపుండదు. ఉన్నా, దాన్ని వేస్తే ఊరంతా చెప్పుకుంటుంది. పేషెంటుతో అత్త, మరిది, పక్కింటావిడ వస్తారు. వెంటబెట్టుకొచ్చిన ఆశా కార్యకర్త వరసకు ఆమెకు ఆడపడుచే కావచ్చు! మొగుడి తాగుడు గురించీ, దెబ్బల గురించీ ఆడపడుచు ముందు ఏ కోడలు నోరు విప్పుతుంది? ఆశాను బయటికి పంపితే ఆమె చిన్నబుచ్చుకుంటుంది, వచ్చే నెల పేషెంట్లను తీసుకురాదు. పంపకపోతే అసలు జబ్బు బయటపడదు. బీపీ చూస్తామని లోపలికి తీసుకెళ్లాలా, నడుచుకుంటూ బోరింగ్ దాకా వెళ్లి మాట్లాడాలా, ఆశాకే విషయం వివరించి సాయం అడగాలా? సరైన జవాబు ఊరిని బట్టి, మనుషుల్ని బట్టి మారుతుంది. ఆ ఊరు తెలియని సూపర్‌వైజర్ పట్నంలో కూర్చుని "గోప్యత పాటించాలి" అని చెప్పడం, బావిలో దిగినవాడికి గట్టు మీద నుంచి ఈత నేర్పడమే.

పూనకం సంగతి చూడండి. ఒంటి మీదకు దేవత వచ్చిందని చెప్పగానే కొత్త ట్రైనీ కలం డిసోసియేషన్ అని రాయడానికి ఉరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదకొండో కూర్పులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఉన్నమాట నిజమే. ఆ సమాజం ఆమోదించిన ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని రుగ్మతగా చూడకూడదని కూడా అందులోనే ఉంది. బోనాల్లో పూనకంతో రంగం చెప్పే మనిషి రోగి కాదు. కొత్తగా కాపురానికొచ్చి, రోజు మార్చి రోజు రాత్రిపూట ఊగిపోతూ, తెల్లారి ఏమీ గుర్తులేక ఏడ్చే పిల్ల సంగతి వేరు. తేడా ఎక్కడుందో చూపించడానికి జాతరా తెలిసి, జబ్బూ తెలిసిన సీనియర్ కావాలి. మంత్రగాడి దగ్గరికి ఎందుకెళ్లారని కసరడం చాలా తేలిక. కసిరితే ఆ కుటుంబం మళ్లీ రాదు.

పరీక్షల పెట్టె కథ మరొకటి. చదువు రానివాళ్ల తెలివితేటలు కొలవడానికి మన దగ్గర ఇప్పటికీ వాడే వాటిలో భాటియా బ్యాటరీ ఒకటి. సి.ఎం. భాటియా 1955లో ప్రచురించిన ఈ పరీక్షలో చెక్క దిమ్మలు, బొమ్మ ముక్కలు ఉంటాయి. దాని ప్రమాణాలు రూపొందింది ఉత్తరాది బాలుర మీద. అదే పెట్టెతో ఏజెన్సీ గూడెంలో పదిహేనేళ్ల అమ్మాయిని కొలిచినప్పుడు వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి? మార్కులు కూడటం అందరికీ వస్తుంది. ఆ మార్కుల కింద ఏం రాయాలో, ఏం రాయకూడదో సూపర్‌వైజర్ చెప్పాలి. పైగా మన రెండు రాష్ట్రాల్లో ఈ అంకెకు డబ్బు విలువ ఉంది. సదరం వంటి వైకల్య నిర్ధారణ శిబిరంలో వైకల్యం కనీసం 40 శాతం అని తేలితేనే సర్టిఫికెట్ పనికొస్తుంది, పింఛను వస్తుంది. ఒక్కో బుద్ధి పరీక్ష సరిగా చేయాలంటే గంటపైనే పడుతుంది. బయట బిడ్డల్ని చంకనెత్తుకుని తల్లులు లైనులో నిలబడి ఉంటారు. ఎవరో నాయకుడి ఫోను వస్తుంది. వైకల్యం శాతం పెంచి రాస్తే తప్పు, తగ్గితే ఆ తల్లి శాపం. ఆ పూట ట్రైనీ పక్కన సంతకం పెట్టే పెద్దమనిషి ఉండాలా వద్దా?

నేర్పేవాళ్లకు నేర్పాలి

జిల్లాకు ఒక్కరో ఇద్దరో ఉండే సైకాలజిస్టు ఎంత కష్టపడినా ఊరూరా తిరిగి కౌన్సెలింగ్ చేయలేరు. అది కుదరని పని. కాబట్టి ఊళ్లో మాట్లాడే పని ఆశాలు, ఏఎన్ఎంలు, స్థానిక కౌన్సెలర్ల చేతికి వెళ్తుంది. సైకాలజిస్టు చేయాల్సింది వాళ్ల వెనక నిలబడటం. ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువులున్నాయి, వాటిలో బలమైనవి మన ఉపఖండానివే.

గోవాలో సంగత్ సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం పది పీహెచ్‌సీల్లో ఒక ప్రయోగం చేశారు. మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టారు. మూలన పడ్డ మనిషిని చిన్న చిన్న పనులతో మళ్లీ రోజువారీ బతుకులోకి లాక్కొచ్చే పద్ధతి అది. మూడు నెలల తర్వాత చూస్తే, ఈ సాయం అందినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి తేరుకున్నారు. మామూలు చికిత్సే అందినవాళ్లలో అది 39 శాతం. ఈ ఫలితం 2016 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పేపర్లన్నీ ఈ అంకెల్నే రాశాయి. నాకు మాత్రం అంకెల వెనకున్న వారపు సమావేశం ముఖ్యం అనిపిస్తుంది. కౌన్సెలర్లు తమ సెషన్ల ఆడియో రికార్డింగులు తెచ్చి, నలుగురి మధ్య వినిపించి, ఒకరి పనికి మరొకరు మార్కులు వేసుకునేవాళ్లు. ఎక్కడ పేషెంటు మాటకు అడ్డం పడ్డారో, ఎక్కడ సలహాల వాన కురిపించారో టేపు దాచదు కదా. మొదట్లో నిపుణులు దగ్గరుండి నేర్పారు. పోనుపోను కౌన్సెలర్లు వేసే మార్కులు నిపుణులు వేసే మార్కులకు దగ్గరగా వచ్చాయి.

పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతిఫ్ రహ్మాన్ బృందం ఇంటింటికీ తిరిగే లేడీ హెల్త్ వర్కర్లకు బాలింతల డిప్రెషన్ గురించి నేర్పింది. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు, ఆ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలో డిప్రెషన్ మిగిలింది. అందనివాళ్లలో 53 శాతం. 2008 నాటి ఆ అధ్యయనంలో కూడా హెల్త్ వర్కర్లకు నెలకో పూట సూపర్‌విజన్ ఉంది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి డిప్రెషన్, ఆందోళన లక్షణాలున్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీకి పంపించే పని చేసింది. గుర్తించడం వరకు ట్యాబ్ సాయపడుతుంది. గుర్తించాక ఏడుస్తున్న మనిషి ముందు ఎలా కూర్చోవాలో ఆశాకు ఒక మనిషే చెప్పాలి.

ఇక్కడే శిక్షణలో పెద్ద ఖాళీ ఉంది. పల్లె సైకాలజిస్టు అసలు పని సూపర్‌విజన్ అయినప్పుడు, ఆ విద్యను ఎవరు నేర్పుతున్నారు? టెస్టులు నేర్పుతారు, థెరపీలు నేర్పుతారు. పదో తరగతి చదివిన ఆశా చెప్పిన కేసును ఓపిగ్గా విని, ఆమెను చిన్నబుచ్చకుండా తప్పు దిద్దడం నేర్పరు. తనకు పట్నం ప్రొఫెసర్ ఎలా నేర్పారో అలాగే, అంటే చాలాసార్లు వైవాలా, నేర్పబోతారు. ఆశా తలూపుతుంది. మర్నాటి నుంచి కేసులు చెప్పడం మానేస్తుంది.

అలాస్కా వాళ్లేం చేశారు?

అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేసేవాళ్లు చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్‌లో వారానికి కనీసం నాలుగు గంటల సూపర్‌విజన్, అందులో రెండు గంటలు ఒక్కొక్కరితో విడిగా ఉండాలన్నది నియమం. అక్కడా పల్లె గోడు ఇలాంటిదే. ఒక చిన్న కౌంటీ క్లినిక్ సొంతంగా ఇద్దరు ముగ్గురు సూపర్‌వైజర్లను పోషించలేదు. దాంతో పశ్చిమ రాష్ట్రాల ఉన్నత విద్యా సంఘం సాయంతో అలాస్కా వంటి చోట్ల కొన్ని సంస్థలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. ఇంటర్న్ ఉండేది ఏదో ఒక మారుమూల క్లినిక్‌లో, సూపర్‌వైజర్లు మాత్రం అందరికీ ఉమ్మడి. అక్కడ శిక్షణ పొందినవాళ్లలో కొందరైనా అక్కడే ఉద్యోగంలో నిలబడతారన్నది వాళ్ల ఆశ. డబ్బున్న దేశం కాబట్టి సాగిందనుకోవచ్చు. కూటమి కట్టాల్సి వచ్చింది డబ్బు చాలకేనన్నది మర్చిపోకూడదు.

మన దగ్గర దీనికి కావలసిన ముక్కలు విడివిడిగా ఉన్నాయి. కర్ణాటకలో మనోచైతన్య పేరుతో మంగళవారాలు తాలూకా ఆస్పత్రులకు సైకియాట్రిస్టులు వెళ్తున్నారు. అదే జీపులో సైకాలజీ సూపర్‌వైజరూ, ఇద్దరు ట్రైనీలూ ఎక్కడానికి అడ్డేమిటి? సంజీవ్ అరోరా 2003లో న్యూమెక్సికోలో కాలేయ జబ్బుల కోసం మొదలుపెట్టిన ఎకో పద్ధతిని నిమ్‌హాన్స్ తెచ్చుకుని, వీడియోలో జిల్లాల వాళ్ల కేసులు చర్చిస్తోంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. మెడికల్ కాలేజీలు ఇప్పుడు చాలా జిల్లాలకు వచ్చాయి, వాటిలో సైకియాట్రీ విభాగాలున్నాయి. నాలుగు జిల్లాలు కలిసి ఇద్దరు సీనియర్లను పంచుకోలేవా?

పంచుకోవచ్చు. కానీ సూపర్‌విజన్‌కు పెట్టిన గంటను ఏ రిజిస్టరూ పనిగా లెక్కపెట్టదు. ఎంతమంది పేషెంట్లను చూశారన్నదే నెలవారీ నివేదికలో ఉంటుంది. ఒక ట్రైనీతో గంట కూర్చున్న సీనియర్ ఆ గంటలో నలుగురు పేషెంట్లను పోగొట్టుకున్నట్టే కాగితం మీద కనిపిస్తుంది. పైగా జిల్లా కార్యక్రమంలో ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి. ఏడాదికోసారి రెన్యువల్ కోసం తిరిగే మనిషి పదేళ్ల తర్వాత సూపర్‌వైజర్ అవుతారని ఎలా ఆశించగలం? వీడియో సూపర్‌విజన్‌ను నేను తక్కువ చేయను. కాకపోతే ముందు సీనియర్ ఆ ఊరు చూసి ఉండాలి. ఆ వరండా, ఆ ఆశా, ఆ సంత తెలిశాక, మిగతాది ఫోనులో నడిపినా నడుస్తుంది.

ఇంకో మాట. ఈ పనిలో ఎప్పుడో ఒకరోజు, ట్రైనీ చూసిన మనిషి చనిపోయాడన్న కబురు వస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా వస్తుంది. ఇరవై మూడేళ్ల పిల్ల లాడ్జి గదిలోనో హాస్టల్ గదిలోనో ఆ రాత్రి తన నోట్సు పదేపదే తిరగేసుకుంటుంది. మర్నాడు ఆ ఊళ్లోనే, ఆ ఇంటి ముందు నుంచే నడవాలి. పట్నం ఆస్పత్రిలో ఇలాంటప్పుడు పక్కన నలుగురుంటారు. పల్లెలో ఆమెతో కూర్చుని, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పించి, ఆ కుటుంబం దగ్గరికి తోడు వెళ్లాల్సింది సూపర్‌వైజరే. ఈ ఒక్క రోజు ఒంటరిగా వదిలేసినందుకే పల్లె పని వద్దనుకునేవాళ్లు ఉంటారు.

కొత్త కోర్సుల నియమాలు ఇంకా కుదురుకుంటున్న కాలం ఇది. ఎంఫిల్ స్థానంలో వచ్చేవాటి లాగ్‌బుక్‌లో కేసు, తేదీ, గంటలు, సూపర్‌వైజర్ సంతకం ఎలాగూ ఉంటాయి. కేసు ఎక్కడ చూశారు, సూపర్‌విజన్ ఎక్కడ జరిగింది అన్న రెండు గడులు అదనంగా పెట్టి, పీహెచ్‌సీ స్థాయిలో ఇన్ని గంటలు సీనియర్ ఎదుటే జరగాలని రిహాబిలిటేషన్ కౌన్సిల్ రాయొచ్చు. రాస్తే కాలేజీలు జీపులు వెతుక్కుంటాయి. రాయకపోతే, ఏటా ఓ బస్సు నిండా ట్రైనీలు ఏదో ఒక పీహెచ్‌సీకి వెళ్లి, ఫొటో దిగి, చీకటి పడకముందే తిరిగి వస్తుంటారు.